పట్నానికి పేర్లు, పల్లెకు అంకెలు: తీరాంధ్ర చర్చిల్లో ఆరాధన, పాట, చదువు

తోటపల్లి గూడూరు వైపు పల్లెల్లో ఆదివారం పొద్దున "గుడికి పోతున్నాం" అంటే రామాలయానికని అర్థం కాదు. ఊళ్ళో గుడి వేరు, పల్లెలో గుడి వేరు. ఊళ్ళో గుడి గడప మన పెద్దలు తొక్కడానికి వీల్లేకపోయింది. పల్లె తన గుడిని తానే కట్టుకుంది, ఆ మాటను కూడా తనదిగా చేసుకుంది. మాలపల్లెలో, మాదిగపల్లెలో గుడి అంటే చర్చి. అందులో చదివే మనిషి అయ్యగారు, పిల్లలకు అక్షరాలు దిద్దించే మనిషి ఉపదేశి, అందరూ కలిసి పాడేది కీర్తన.

మా అవ్వకు అక్షరం రాదు. కీర్తనల పుస్తకంలో నంబరు చెబితే చాలు, పల్లవి ఎత్తుకునేది. ఏ చరణం తర్వాత ఏ చరణమో తప్పేది కాదు. చేలో నాటు వేసేటప్పుడూ అవే పాటలు, చావింట్లో తెల్లారేదాకా కూర్చున్నప్పుడూ అవే పాటలు. మా ఇంట్లో యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి తరం మేము. అక్కడ ఆంధ్రదేశ మేధో చరిత్ర అని చెప్పిన పాఠాల్లో బందరు ఉంది, రాజమండ్రి ఉంది, మద్రాసు ఉంది. అవ్వ లేదు. అవ్వ పాడిన గుడి లేదు. ఆలోచన అనేది పట్నంలో, పుస్తకంలో, అగ్రకులంలో పుట్టి అక్కడి నుంచి పల్లెకు దిగుతుందని ఆ పాఠాల సారాంశం. ఈ వ్యాసం ఆ సారాంశాన్ని ప్రశ్నించడానికి రాస్తున్నాం.

ఇందుకోసం మేము బందరు నుంచి మొదలుపెడుతున్నాం. నెల్లూరు తీరం అమెరికన్ బాప్తిస్టు మిషను పనిచేసిన నేల. ఇంగ్లండు సంఘం, అంటే ఆంగ్లికన్ చర్చి, తీరాంధ్రలో గట్టిగా వేళ్ళూనింది బందరులో. నెల్లూరు వాళ్ళకు బందరుతో పనేమిటని అడగవచ్చు. పని ఉంది. "ముందు ఎవరికి చదువు చెప్పాలి, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి?" అన్న ప్రశ్న 1843లో బందరు ముందుకు వచ్చింది. పాతికేళ్ళు తిరక్కుండానే, అప్పటికి నెల్లూరు జిల్లాలోనే ఉన్న ఒంగోలు ముందుకూ వచ్చింది. ఒకే తీరం, ఒకే ప్రశ్న, రెండు జవాబులు. ఆ రెండింటి మధ్య తేడా మన చరిత్ర.

1. బందరు: ఎవరి పిల్లలకు బడి?

1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు ఇంగ్లీషు గురువులు బందరు చేరారు. పని పంచుకున్నారు. ఫాక్స్ వీధుల్లోనూ ఊళ్ళలోనూ తిరిగి బోధించాడు. ఆరోగ్యం చెడి 1848లో చనిపోయాడు. నోబుల్ 1843లో ఇంగ్లీషు బడి తెరిచాడు. బ్రాహ్మణ, వెలమ, ఇతర పై కులాల కుర్రవాళ్ళకు ఇంగ్లీషూ బైబిలూ కలిపి నేర్పితే, వాళ్ళు మారితే, వాళ్ళ వెనకాల దేశమంతా మారుతుందని ఆయన నమ్మకం. నీళ్ళు పైనుంచి కిందికి పారతాయి గదా, జ్ఞానం కూడా అంతే అనుకున్నాడు.

ఆ బడిలోకి అంటరాని కులాల పిల్లలను రానివ్వలేదు. ఇది పొరపాటున జరిగింది కాదు, నోబుల్ తెలిసి పెట్టుకున్న నియమం. దాన్ని సమర్థించుకోవడానికి ఆయన ఇంగ్లండునే సాక్ష్యం పిలిచాడు. మా దేశంలో మాత్రం పెద్దమనుషులు తమ కొడుకులను తమ వంటవాడి కొడుకు పక్కన, గుర్రపువాడి కొడుకు పక్కన కూర్చోబెడతారా అన్నది ఆయన వాదం. ఈ వాదాన్ని జాగ్రత్తగా చూడాలి. ఇంగ్లండు వర్గ భేదం, ఆంధ్ర కుల భేదం చేతులు కలిపిన చోటు ఇది. దొరకూ బ్రాహ్మడికీ దేవుడి విషయంలో పేచీ ఉంది. బల్ల మీద ఎవరు కూర్చోవాలన్న విషయంలో పేచీ లేకపోయింది.

1852లో ఆ బడి పిల్లలు ఇద్దరు, మంచాల రత్నం అనే బ్రాహ్మణ యువకుడు, అయినాల భూషణం అనే వెలమ యువకుడు, బాప్తిస్మం పొందారు. బందరు అట్టుడికింది. తల్లిదండ్రులు పిల్లలను బడి మాన్పించారు. ఆ ఇద్దరూ తర్వాత గురువులయ్యారు. అదే బడిలో చదివిన ముస్లిం యువకుడు జానీ ఆలీ క్రైస్తవుడై కేంబ్రిడ్జి దాకా పోయి చదువుకున్నాడు. వీళ్ళు పోగొట్టుకున్నది చిన్నది కాదు. ఇల్లు, ఆస్తి, తల్లి చేతి అన్నం వదులుకుని వచ్చారు. ఆ తెగింపును మేము తక్కువ చేయడం లేదు. నోబుల్ కూడా ఇరవై నాలుగేళ్ళు ఇంటి మొహం చూడకుండా పనిచేసి 1865లో బందరులోనే కన్నుమూశాడు. మేము మాట్లాడుతున్నది వ్యక్తుల మంచితనం గురించి కాదు, ఆ ఏర్పాటు గురించి.

ఆ ఏర్పాటు ఫలితం ఏమిటి? నోబుల్ బడి కాలేజీ అయింది. రఘుపతి వెంకటరత్నం నాయుడు అక్కడ పాఠాలు చెప్పారు. పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు అక్కడ చదువుకున్నారు. ఆంధ్రోద్యమం, కాంగ్రెసు, పత్రికలు, ఇట్లా ఇరవయ్యో శతాబ్దపు తెలుగు మేధో జీవితంలో పెద్ద భాగానికి ఆ బడి పురుడు పోసింది. చాలామంది క్రైస్తవులు కాలేదు, కావలసిన పనీ పడలేదు. ఇంగ్లీషు తీసుకున్నారు, బైబిలు వదిలేశారు. అంబేడ్కర్ మతం మారిన అంటరానివాళ్ళ స్థితి మీద రాసిన వ్యాసాలు 1989లో ఆయన రచనల అయిదో సంపుటిలో అచ్చయ్యాయి. మిషన్ల విద్యాసంస్థల వల్ల లాభపడింది ఎక్కువగా సవర్ణ హిందువులేననీ, మతం మారిన పేదలకు దక్కింది తక్కువేననీ అందులో ఆయన తప్పుపట్టాడు. ఆ మాటకు బందరు కంటే మంచి ఉదాహరణ మాకు కనిపించలేదు.

మరో సంగతి. మిషను చరిత్రల్లో రత్నానికి పేరుంది, భూషణానికి పేరుంది. వాళ్ళ సంశయాలు, కన్నీళ్ళు, తల్లులు ఏడ్చిన తీరు, అన్నీ రాశారు. పల్లెలు సంఘంలో చేరడం మొదలైన తర్వాత రాత మారింది. ఫలానా ఊళ్ళో ఇన్ని ఇళ్ళు, ఇంతమంది. పట్నం వాళ్ళకు పేర్లు, పల్లె వాళ్ళకు అంకెలు. ఒక మనిషి మారితే అది ఆలోచన, పల్లె మారితే అది గాలివాటం అన్న లెక్క అక్కడే మొదలైంది.

2. రాఘవాపురం: ప్రశ్న ముందు, మిషను తర్వాత

ఆ లెక్కను తప్పని చూపించే మనిషి కృష్ణా తీరంలోనే ఉన్నాడు. పాగోలు వెంకయ్య, రాఘవాపురం మాల. దొర ఎవరూ ఆ పల్లెకు రాకముందే విగ్రహాల మీద నమ్మకం పోయింది ఆయనకు. నిజమైన దేవుడొకడుంటే తనకు కనపడమని తనంత తానే ప్రార్థించడం మొదలుపెట్టాడని ఆయన కథ. సి.ఎం.ఎస్. మిషనరీ డార్లింగ్ ఏళ్ళ తరబడి పై కులాల వారి మధ్య పనిచేసి ఫలితం లేక విసిగి ఉన్న రోజులవి. బెజవాడలో వెంకయ్యే వెతుక్కుంటూ పోయి ఆయనను కలిశాడు. 1859లో బాప్తిస్మం. కృష్ణా జిల్లా మాలపల్లెల కదలికకు అదే మొదలు. తర్వాత బతికినన్నాళ్ళూ వెంకయ్య జీతం లేకుండా ఊరూరా తిరిగి చెప్పాడు.

ఇందులో వరస గమనించండి. మిషనరీ వెళ్ళి అజ్ఞానికి జ్ఞానం చెప్పలేదు. ఒక మాల ముందుగా ప్రశ్న వేసుకున్నాడు, జవాబు కోసం బయలుదేరాడు, దారిలో మిషనరీ తగిలాడు. పదహారేళ్ళుగా బందరు బడి పై కులాల్లో రేపాలని చూస్తున్న ప్రశ్న ఇక్కడ బడి లేని మనిషిలో పుట్టింది.

వెంకయ్య ఒక్కడే అయితే వింత అనుకోవచ్చు. ఒంగోలు వైపు మాదిగల మధ్య పనిచేసిన క్లౌ దొర రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ఇంగ్లీషులో ఒక పుస్తకం అచ్చువేసింది. చెప్పులు కుట్టే చోట కూర్చుని విన్న కథలని దాని పేరు అర్థం. మాదిగ బోధకుల నోట విని రాసిన ఆ పుస్తకంలో, మిషను రాకముందే మాదిగల్లో ఉన్న గురువులు, శిష్య పరంపరలు, యోగ సాధనలు కనిపిస్తాయి. యోగి నాసరయ్య అనే గురువు బోధ విన్న మాదిగలు ఒకే దేవుడు, విగ్రహం వద్దు అన్న మాటలు అప్పటికే పట్టుకున్నారు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో దూదేకుల సిద్ధయ్యతో పాటు మాదిగ కక్కయ్య కథను మన పల్లెలు ఈనాటికీ చెప్పుకుంటాయి. మాలదాసరులు, పంబలవాళ్ళు, మాదిగ ఆసాదులు, జాంబ పురాణం చెప్పే డక్కలివాళ్ళు, వీళ్ళంతా ఎవరు? పుట్టుకను గురించీ లోకాన్ని గురించీ న్యాయాన్ని గురించీ రాత్రంతా పాడి వాదించగలిగిన వాళ్ళు. వీళ్ళను మేధావులు అనకపోతే ఆ మాటకు అర్థం మార్చుకోవలసింది మేము కాదు.

3. ఒంగోలు: రెండో జవాబు

అమెరికన్ బాప్తిస్టు శామ్యూల్ డే 1840లో నెల్లూరు వచ్చాడు. ఆయన తర్వాత లైమన్ జూవెట్. పాతికేళ్ళ పాటు సంఘం గుప్పెడు మందిని దాటలేదు. పనికిరాని మిషను, మూసేద్దాం అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ నడిచింది. 1865లో జాన్ క్లౌ వచ్చాడు, మరుసటి ఏడు ఒంగోలు చేరాడు. అక్కడ బ్రాహ్మణులూ పై కులాల వారూ తమ పిల్లలను ఆయన బడికి పంపడానికి సిద్ధంగానే ఉన్నారు. అంతలో తాళ్ళకొండపాడు మాదిగ యర్రగుంట్ల పేరయ్య వచ్చాడు. ఆయన నాసరయ్య బోధ వినివున్న మనిషే. ఆయన వెనక మాదిగపల్లెలు కదిలాయి. అప్పుడు పెద్దలు క్లౌకు తేల్చి చెప్పారు: వీళ్ళను చేర్చుకుంటే మా పిల్లలు నీ బడికి రారు.

క్లౌ, ఆయన భార్య ఆ రాత్రి విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల పత్రికలో ఒకే భాగం కనపడిందని, లోకం తక్కువగా చూసేవాళ్ళనే దేవుడు ఎంచుకున్నాడన్న భాగం అదనీ బాప్తిస్టు సంఘాల్లో చెప్పుకుంటారు. కథ సంగతి అట్లా ఉంచితే, నిర్ణయం మాత్రం చరిత్ర. మాదిగలను చేర్చుకున్నారు, పై కులాల పిల్లలు వెళ్ళిపోయారు. బందరు నోబుల్ ఏ మెలిక దగ్గర ఆగిపోయాడో సరిగ్గా అక్కడ ఒంగోలు ఇంకో దారి పట్టింది.

చేరిన మాదిగలకు మూడు నియమాలు ఉండేవి. ఆదివారం పనిచేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలను కొలవకూడదు. పైకి ఇవి మత నియమాలే. పల్లె వైపు నుంచి చూస్తే వేరే అర్థం ఉంది. ఆదివారం పనిచేయనంటే వారానికి ఒకరోజు ఆసామి మాట చెల్లదని అర్థం. చచ్చిన గొడ్డు తిననంటే ఊరు వేసిన ముద్రను తుడిచేసుకోవడం. విగ్రహాన్ని కొలవనంటే జాతరలో వెట్టికి డప్పు కొట్టననడం. అందుకే ఊళ్ళు అంతగా మండిపడ్డాయి. పల్లెకు పని ఆపేశారు, నీళ్ళు ఆపేశారు. దేవుడి మీద ప్రేమతో అంత కోపం వస్తుందా? వెట్టి పోతుందన్న భయంతో వచ్చింది.

1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలవ తవ్వకం పనుల్లో ఒంగోలు వైపు ఒక భాగాన్ని క్లౌ కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమంది కూలీలు తవ్వుతూ బోధ విన్నారు. మా తీరం పొడుగునా పారే ఆ కాలవ మట్టిలో మన పెద్దల చెమటతో పాటు ఈ చరిత్ర కూడా ఉంది. కూడు కోసం మతం మారారన్న మాట పడకూడదని కరువు సాగినంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఆపాడు. కరువు పనులు ముగిశాక 1878 జూలై 3న, ఒక్కరోజులో, గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె ప్రపంచమంతా తెలుసు. ఆ నీళ్ళలో నిలబడి, ఇద్దరిద్దరు వంతులు మార్చుకుంటూ బాప్తిస్మం ఇచ్చింది తెలుగు బోధకులని ఎంతమందికి తెలుసు? క్లౌ తన చేత్తో ఇవ్వలేదు. ఇక్కడ కూడా అంకె నిలిచింది, ఆ నీళ్ళలో దిగిన పేర్లు జారిపోయాయి.

4. పాట: రాగం వచ్చింది, డప్పు ఆగింది

ఆంగ్లికన్ ఆరాధన పుస్తకాన్ని పట్టుకుని నడిచే ఆరాధన. ఏ మాట గురువు చెప్పాలి, ఏ మాట సంఘం చెప్పాలి, ఎప్పుడు నిలబడాలి, ఎప్పుడు మోకరించాలి, అన్నీ అచ్చులో ఉంటాయి. అక్షరం రాని పల్లె ఆ పుస్తకాన్ని ఏం చేసుకోవాలి? కంఠతా పట్టింది. పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు నోటికి రాకపోతే బాప్తిస్మం లేదు. పగలంతా కూలి చేసి వచ్చినవాళ్ళు రాత్రి లాంతరు ముందు కూర్చుని ఉపదేశి చెబితే అనేవాళ్ళు. దీన్ని చిలక పలుకులని వెక్కిరించినవాళ్ళు ఉన్నారు. వేదం కంఠతా పడితే పాండిత్యం, పల్లె కంఠతా పడితే చిలక పలుకా?

కంఠతా పట్టిన మాటకు ప్రాణం పోసింది కీర్తన. తెలుగు క్రైస్తవ కీర్తనకు పెద్ద దిక్కు పురుషోత్తమ చౌధరి (1803-1890). బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి 1833లో బాప్తిస్మం తీసుకున్న మనిషి. కర్ణాటక సంగీత పద్ధతిలో పల్లవి, అనుపల్లవి, చరణాలు కట్టి పాటలు రాశాడు. ఆయనవీ ఇతరులవీ చేరిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఆంగ్లికన్లకు, బాప్తిస్టులకు, లూథరన్లకు ఉమ్మడి సొత్తయింది. మిషన్ల మధ్య సరిహద్దులున్నాయి, పాటకు లేవు. బందరులో పాడింది నెల్లూరులోనూ పాడారు.

ఆ పుస్తకం తెరిస్తే ప్రతి కీర్తన పైన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. ముఖారి, తోడి, ఆనందభైరవి, ఆది, రూపకం. ఇది మామూలు సంగతిగా కనపడుతుంది. కాదు. ఏ కచేరీ గడపలోకి మన పెద్దలు పోలేకపోయారో, ఏ గుడి మండపం కింద నిలబడి వినడానికి వీల్లేకపోయిందో, ఆ రాగాలు మాలపల్లెలో మాదిగపల్లెలో ఆదివారం ఆదివారం మోగాయి. రాగం పేరు తెలియకుండానే రాగం పాడారు. పాడుతూ మార్చేశారు. నాటు పాట సాగదీత, ఏడుపు పాట విరుపు, భజన ఊపు కలిశాయి. శాస్త్రం తెలిసినవాళ్ళు దీన్ని అపస్వరమన్నారు. మేము దీన్ని పల్లె బాణీ అంటాం. ఒకే కీర్తనను రెండు పల్లెలు రెండు తీర్లుగా పాడతాయి. ఆ తేడాలో ఆ రెండు పల్లెల చరిత్ర ఉంది. దాన్ని నొటేషను రాసి దాచిన పరిశోధన జరగాలి.

అదే సమయంలో ఒక వాద్యం గుమ్మం బయట ఆగిపోయింది. తాళాలు లోపలికి వచ్చాయి, కంజిర వచ్చింది, హార్మోణి వచ్చింది, డోలక్ వచ్చింది. డప్పు రాలేదు. అది దయ్యాల వాద్యమని మిషను అనుకుంది. ఇంతటితో ఆపితే తప్పు మొత్తం దొరల మీదికి పోతుంది. అది సగం నిజం. డప్పు వెట్టికి గుర్తు కాబట్టి దాన్ని వదిలించుకోవాలని మన పెద్దలే అనుకున్నారు. చావుకూ జాతరకూ దండోరాకూ పిలిస్తే పోక తప్పని బతుకులో, డప్పు కొట్టననడం స్వేచ్ఛ. మాదిగ బిడ్డ చేతిలో డప్పుకు బదులు పలక రావడం అప్పుడు గెలుపే. ఆ గెలుపులో ఒక విద్య, ఒక లయశాస్త్రం పోయింది. రెండూ నిజాలే. 1985లో కారంచేడు, 1991లో చుండూరు తర్వాత, 1994లో మాదిగ దండోరా మొదలైన తర్వాత, డప్పు సభావేదిక మీదికి తలెత్తుకుని వచ్చింది. వందేళ్ళ కింద అవమానంగా దించిన వాద్యాన్ని మనవళ్ళు ఆత్మగౌరవంగా ఎత్తుకున్నారు. తాతలు చేసింది తప్పనీ మనవళ్ళు చేసింది ఒప్పనీ మేము అనం. ఇద్దరూ తమ కాలంలో తమ మెడ మీది కాడిని తీసేసుకోవడానికే చూశారు.

5. దోర్నకల్: నల్ల బిషప్పు, పల్లె సంఘం

బందరు మూసి ఉంచిన తలుపు ఆంగ్లికన్ సంఘంలోనే తెరుచుకున్న చోటు దోర్నకల్. 1912 డిసెంబరు 29న కలకత్తాలో వేదనాయగం శామ్యూల్ అజరయ్యకు బిషప్ పట్టం కట్టారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయన. తిరునల్వేలి ప్రాంతపు నాడార్ కుటుంబం, తండ్రి పల్లె గురువు. కల్లుగీత కులమని చిన్నచూపు చూడబడ్డ జాతి నుంచి వచ్చాడు. నిజాం రాజ్యంలో రైలు జంక్షనుగా ఉన్న చిన్న ఊరు దోర్నకల్ ఆయన పీఠమైంది. కృష్ణా, గోదావరి ప్రాంతాల సంఘాలు తర్వాత ఆ డయాసిసులోకి వచ్చాయి. అంటే నోబుల్ పెంచిన బందరు సంఘం కూడా ఒక నల్ల బిషప్పు చేతి కిందికి వచ్చింది. 1936 నాటికి ఆ డయాసిసు జనం రెండు లక్షలు దాటారు. వాళ్ళలో అత్యధికులు మాలలు, మాదిగలు.

అజరయ్య తెలుగు నేర్చుకున్నాడు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగింటినీ పల్లెను పీడించే నాలుగు దయ్యాలని చెప్పేవాడు. ఉపదేశులకు శిక్షణ ఇచ్చేటప్పుడు వాళ్ళ భార్యలకు కూడా చదువు చెప్పించాడు. తెలుగు కీర్తనలను, ఊరేగింపులను, కోత పండుగను ఆరాధనలోకి తెచ్చాడు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ కెథీడ్రల్ చూస్తే గోపురమూ కనిపిస్తుంది, గుమ్మటమూ కనిపిస్తుంది, మినారూ కనిపిస్తుంది. ఇంగ్లండు చర్చికి నకలు కాదది. ఏ గుళ్ళలోకి రానివ్వలేదో ఆ గుళ్ళ శిల్పాన్నే కూలి జనం సంఘం తన గుడికి తెచ్చుకుంది.

ఈ పని జాతీయ నాయకులకు నచ్చలేదు. 1935లో తాను హిందువుగా చావనని అంబేడ్కర్ ప్రకటించాక మత మార్పిడి మీద పెద్ద రగడ నడిచింది. 1936లో జాన్ మాట్ అనే అమెరికన్ క్రైస్తవ నాయకుడితో మాట్లాడుతూ గాంధీ, మీరు ఆవుకు సువార్త చెబుతారా అని అడిగాడు. అంటరానివాళ్ళలో కొందరి గ్రహింపు అంతకన్నా తక్కువని అన్నాడు. ఈ మాటను నోబుల్ మాట పక్కన పెట్టి చూడండి. ఒకాయన అంటరానివాడికి బడిలో చోటు లేదన్నాడు, ఒకాయన అంటరానివాడికి తెలివి లేదన్నాడు. ఒకాయన క్రైస్తవుడు, ఒకాయన హిందువు. మనవాళ్ళు తామే ఆలోచించి తీర్మానం చేసుకోగలరన్న సంగతిని ఇద్దరూ ఒప్పుకోలేకపోయారు. దోర్నకల్ పల్లెల్లో మాలల బతుకు మారడం కళ్ళారా చూసి శూద్ర కులాల వాళ్ళు కూడా సంఘంలోకి రావడం ఆ రోజుల్లోనే జరిగింది. నీళ్ళు కింది నుంచి పైకి పారాయి.

అజరయ్యను కూడా మేము విమర్శ లేకుండా వదలం. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని ఆయన అన్నాడు. సంఘం రాజకీయ ముఠా కాకూడదన్నది ఆయన భయం. రాజకీయాధికారం లేని పల్లెకు ఆ నిష్ఠ వల్ల ఒరిగింది తక్కువ. మాల మాదిగ తేడా కూడా పోలేదు. కృష్ణా ఆంగ్లికన్ సంఘాల్లో మాలలు ఎక్కువ, ఒంగోలు బాప్తిస్టు సంఘాల్లో మాదిగలు ఎక్కువ. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు చేరారు, బాప్తిస్టులు బయటే ఉన్నారు. దేవుడు ఒకడే అన్నారు గానీ గుడి ఒకటి కాలేదు. వర్గీకరణ చర్చ ఇంతదూరం వచ్చిన ఈ రోజుల్లో ఈ పాత గోడలను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

6. రెండు పేర్ల బతుకు

ఇంత చదువు, ఇంత పాట తర్వాత పల్లె ఎక్కడ తేలింది? జాషువను చూడండి. 1895లో వినుకొండలో పుట్టిన ఆ కవి 1941లో గబ్బిలం రాశాడు. గుళ్ళోకి పోలేని మనిషి, గుళ్ళో తలకిందులుగా వేలాడే గబ్బిలంతో శివుడికి కబురు పంపుతాడు. క్రైస్తవుడని పండితులు దూరం పెట్టారు, హిందూ పురాణాల మీద కావ్యాలేమిటని క్రైస్తవులు దూరం పెట్టారు. చివరికి 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది క్రీస్తు చరిత్రకు. రెండు గుళ్ళ మధ్య నిలబడ్డ మేధావి ఆయన. పల్లెలో పుట్టిన ప్రతి చదువరి బతుకులో ఆ నిలబడటం కొంతైనా ఉంటుంది.

చట్టం ఆ నిలబడటాన్ని ఇంకా కష్టం చేసింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కానివాళ్ళకు షెడ్యూల్డు కులాల హోదా లేదంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. క్రైస్తవులకు సడలించలేదు. మన రాష్ట్రంలో వాళ్ళను బి.సి.-సి కింద పెట్టారు. అందుకే మన పల్లెల్లో ఒక్కో మనిషికి రెండు పేర్లు. సంఘం పుస్తకంలో ఒకటి, బడి రిజిస్టరులో ఒకటి. మేము బడిలో చేరినప్పుడు గుళ్ళో పెట్టిన పేరు ఇంట్లోనే వదిలిపెట్టి పోయాం. స్కాలర్‌షిప్పు ఫారం నింపిన మాస్టరు మతం అన్నచోట ఆగి మా నాయన మొహంలోకి చూశాడు. నాయన నేలవైపు చూశాడు. ఆ కొద్ది క్షణాల్లో ఏ పేరు కొట్టేశారో తర్వాత పాతికేళ్ళకు గానీ మాకు అర్థం కాలేదు. మిషను చరిత్ర మా పెద్దల పేర్లను అంకెలుగా మారిస్తే, ప్రభుత్వ ఫారం మా పేర్లలో ఒకదాన్ని దొంగ పేరు చేసింది.

అందుకని ఈ వ్యాసం చదివే ఉపాధ్యాయులను, విద్యార్థులను, కార్యకర్తలను ఒక పని అడుగుతున్నాం. మీ పల్లె గుడి బీరువాలో పాత బాప్తిస్మం రిజిస్టర్లు ఉంటాయి. చెదలు తినకముందే చూడండి. అందులో పేర్లుంటాయి, తండ్రి పేరు, పల్లె పేరు, పని ఉంటాయి. మొదటి ఉపదేశి ఎవరు, రాత్రి బడి ఎవరింటి అరుగు మీద నడిచింది, పిడికెడు పిడికెడు బియ్యం తీసిపెట్టి గుడి కట్టిన ఆడవాళ్ళు ఎవరు, అడిగి రాసుకోండి. ముసలివాళ్ళు పాడే పాత బాణీలను టేపు చేయండి. కీబోర్డులూ పెద్ద మైకులూ వచ్చాక ఆ బాణీలు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి.

మా అవ్వ పాడిన తీరును మేము రికార్డు చేయలేదు. ఆమె బతికున్న రోజుల్లో అది చరిత్ర అని మాకు ఎవరూ చెప్పలేదు, మాకు తోచనూ లేదు. ఆమె పేరు మాత్రం మా పల్లె గుడి రిజిస్టరులో ఉంది, వరస నంబరు పక్కన. ఆ పేజీ ఈ మధ్యనే చూశాం. అదే పేజీలో ఇంకా చాలా పేర్లున్నాయి. వాటిని రాసుకుని వచ్చాం.